బోరింగ్ అయ్యాక పిస్టన్ క్లియరెన్స్ మళ్లీ కొలవాలా?

రాయగడ నుంచి అడిగిన తమ్ముడికి. మారుతి 800 ఇంజిన్‌ని మార్పులేమీ లేకుండా కంపెనీ లెక్కకే కడుతున్నానన్నారు. 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు కొని బోరింగ్ (సిలిండర్లని ఆ సైజుకి వెడల్పు చేయడం) చేయించాక కూడా క్లియరెన్స్, అంటే పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ, కొలవాలా అని మీ ప్రశ్న. కొలవాలి. మూడు సిలిండర్లూ, అడుగుదాకా కొలవాలి.

నాది జయపురం. ఇదే ఇంజిన్‌ని మొదటిసారి సొంతంగా కట్టినప్పుడు బోరింగ్ షాపులో డయల్ గేజ్ పెట్టి చూపించారు. అంకె సరిగ్గా ఉందని బిగించేశాను. ఊళ్లో వారం బాగానే నడిచింది. సాలూరు వెళ్లి తిరిగొస్తూ సుంకి ఘాట్ ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది, రెండు మలుపులు దాటాక ఇంజిన్ పట్టేసింది. విప్పి చూస్తే మూడో పిస్టన్ స్కర్ట్ (రింగుల కింది పక్క భాగం) నిండా నిలువు గీట్లు. సిలిండర్ గోడకి అల్యూమినియం అంటుకుని వెండి పూత పూసినట్టుంది. అది శుభ్రం చేసి కొలిస్తే పైన క్లియరెన్స్ 0.03 మిల్లీమీటర్లు, అడుగున 0.01 మాత్రమే. హోనింగ్ రాయి (బోరింగ్ తర్వాత గోడని నునుపుగా అరగదీసేది) కిందిదాకా సరిగా దిగలేదు. షాపులో నేను చూసింది పైభాగం అంకె.

పోత ఇనుము కన్నా అల్యూమినియం వేడికి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ ఖాళీ వదిలేది అందుకే. ఇలాంటి చిన్న పెట్రోల్ ఇంజిన్లకి మామూలుగా 0.02 నుంచి 0.04 దాకా ఉంటుంది. మీ ఇంజిన్‌కి ఎంతో మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి.

పిస్టన్ గుండ్రంగా కనిపిస్తుంది గానీ కాదు, కోలగా ఉంటుంది. కాబట్టి మైక్రోమీటర్ గడ్జన్ పిన్‌కి (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్) అడ్డంగా, స్కర్ట్ మీద మాన్యువల్ చెప్పిన ఎత్తులోనే పెట్టాలి. పిన్ వైపు పెడితే తక్కువ చూపిస్తుంది, క్లియరెన్స్ బాగుందని మోసపోతారు. బోరుని (సిలిండర్ లోపలి రంధ్రాన్ని) పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవండి. పెట్టె మీద ఒకే సైజు రాసి ఉన్నా మూడు పిస్టన్లనీ విడివిడిగా కొలిచి, ఏది ఏ సిలిండర్‌దో నెత్తిన మార్కర్‌తో రాసుకోండి.

ఎండలో బైక్ మీద తెచ్చిన పిస్టన్లని వెంటనే కొలవకండి. పది డిగ్రీల వేడికే ఆ సైజు పిస్టన్ సుమారు 0.015 పెరుగుతుంది, అంటే మీ క్లియరెన్స్‌లో సగం. బ్లాకు, పిస్టన్లు, గేజులు రాత్రంతా ఒకే గదిలో ఉంచి పొద్దున్నే కొలవండి. మా దగ్గర వేసవిలో ఇంకో దారి లేదు.

హెడ్ ఫేసింగ్ (సిలిండర్ల మీది మూత అడుగుని కోసి చదును చేయడం) కూడా చేయించి ఉంటే పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య దూరం తగ్గినట్టే. పిస్టన్ మీద పిల్లల క్లే ముద్ద పెట్టి, పాత గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, వాల్వ్ టైమింగ్ (క్రాంక్‌కీ వాల్వులకీ ఉన్న లంకె) కలిపి, క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పండి. విప్పి, బ్లేడుతో కోసి, పల్చగా నొక్కుకుపోయిన చోట మందం చూడండి.

ఎక్కడైనా ఇరుకు తేలితే పిస్టన్‌ని మాత్రం రుద్దకండి. బ్లాకుతో పాటు అదే పిస్టన్ కూడా షాపుకి ఇచ్చి, హోనింగ్ మళ్లీ చేయించి, అడుగున గేజ్ పెట్టించి మీ కళ్లతో చూసి తెచ్చుకోండి.