తేదీ అంకె కిటికీ మధ్యలోకి రావాలంటే

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు సొంతంగా బిగించబోయే వాచీ ఫోటోలు చూశాను, తేదీ అంకె కిటికీ మధ్యలోకి ఎలా తేవాలని అడిగావు కదా, చెబుతాను. సీకో ఎస్‌కేఎక్స్ మోడల్ తరహా కేసు (బయటి డొప్ప), లోపల తిరిగే ఎన్‌హెచ్‌35 మెషీన్, నల్ల డయల్, అన్నీ కొనేశావు. ఇంకా ఏదీ విప్పలేదు కదా, మంచిది. తేదీ అంకె కుదరడం, కుదరకపోవడం చాలావరకు సామాను కొనేటప్పుడే తేలిపోతుంది. బిగించాక చేయగలిగింది తక్కువ.

నీ డయల్‌కి తేదీ కిటికీ మూడు దగ్గరుంది. కేసుకి క్రౌన్, అంటే పక్కన తిప్పే గుండీ, మాత్రం నాలుగు వైపు జారి ఉంది. దాన్ని 3.8 అంటారు, అంటే మూడు నుంచి 24 డిగ్రీలు కిందికి. క్రౌన్ ఎటుంటే మెషీన్ అటు తిరిగి కూర్చుంటుంది, దానితోపాటే డేట్ డిస్కు (తేదీ అంకెలు అచ్చేసిన చక్రం) ఆగే చోట్లూ జరుగుతాయి. డిస్కు మీద 31 అంకెలు కాబట్టి రోజుకి 11.6 డిగ్రీలు కదులుతుంది. రెండు రోజులకి 23.2. అంటే తేడా ఒక్క డిగ్రీ కూడా లేదు. అందుకే క్రౌన్ మూడు దగ్గరుండే వాచీల డిస్కు వేసినా అంకె నిటారుగానే కనిపిస్తుంది, కాకపోతే మధ్య నుంచి వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. చాలామంది గమనించరు. నువ్వు మాత్రం రోజూ అదే చూస్తూ కూర్చుంటావు, నీ సంగతి నాకు తెలీదా! కాబట్టి 3.8 కోసం అచ్చేసిన డిస్కే తెప్పించుకో.

క్రౌన్ ఎడమవైపు వచ్చేలా కేసు తిప్పి కడతానని కూడా రాశావు. ఆ పని తేదీ ఉన్న డయల్‌తో పెట్టుకోకు. 180 డిగ్రీలంటే పదిహేనున్నర రోజుల దూరం. కిటికీలో ఒక అంకె సగం, పక్క అంకె సగం కనిపిస్తాయి. అంత ఇష్టమైతే కిటికీ లేని డయల్ కొనుక్కో, గొడవ వదిలిపోతుంది.

డయల్ కాళ్లు, అంటే దాన్ని మెషీన్‌లో నిలిపే వెనకవైపు చిన్న పిన్నులు, తుంచేసి, గమ్ చుక్కలతో అంటించి, అంకె మధ్యకి వచ్చేదాకా డయల్‌ని తిప్పమని ఎవరో ఒకరు చెబుతారు. వినకు. అంకె కుదురుతుంది కానీ పన్నెండు గీత పక్కకి పోతుంది, చుట్టూ ఉన్న రింగు గీతలతో కలవదు. నీ డయల్‌కి నాలుగు కాళ్లుంటే అందులో రెండు నీ కేసుకి పనికొచ్చేవి. ఏవో మెషీన్ మీద పెట్టి చూసుకుని, మిగతా రెండే కత్తిరించు.

డిస్కు మార్చేటప్పుడు తొందరపడకు. దాన్ని ఆపి ఉంచే భాగం స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుంది, ఎగిరిందంటే ఇల్లంతా వెతకాలి. పెద్ద పాలిథిన్ కవర్లో చేతులు పెట్టి విప్పు. ఫ్యాన్ ఆపెయ్.

డయల్ ఎక్కించాక ముళ్లు పెట్టకుండా, క్రౌన్‌ని డేట్ మార్చే స్థానంలోకి లాగి 31 అంకెలూ తిప్పి చూడు. అన్నీ ఒకే వైపు జరిగి ఉంటే డయల్‌దో, తప్పు డిస్కుదో లోపం. ఏవో కొన్నే తేడాగా ఉంటే అది డిస్కు మీది అచ్చు లోపం, నువ్వు చేయగలిగింది లేదు.

ఇక ముళ్లు. క్రౌన్ చివరిదాకా లాగి, ముందుకే, మెల్లగా తిప్పు. అంకె జరగడం మొదలై పూర్తిగా మారిన క్షణంలో ఆపి, గంటల ముల్లుని సరిగ్గా పన్నెండు మీద పెట్టు. నిమిషాల ముల్లు కూడా పన్నెండు మీదే. ఇది పట్టించుకోకుండా ఎలాగోలా పెట్టేస్తే తేదీ మధ్యాహ్నం భోజనాల వేళ మారొచ్చు. ఈ మెషీన్‌లో అంకె టక్కున దూకదు, కాసేపు నాన్చుతుంది. పదీ పదిహేను నిమిషాలు అటూ ఇటూ అయితే టెన్షన్ పడకు.

సెకన్ల ముల్లు పెట్టేముందు రెండు రోజుల పాటు తేదీ మారేలా తిప్పి చూసుకో. వాచీ మూత బిగించాక కూడా రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 దాకా డేట్‌ని క్రౌన్‌తో మార్చకు. ఆ వేళలో తేదీ తిప్పే చక్రాల పళ్లు కలిసి ఉండొచ్చు, విరిగితే మళ్లీ మొత్తం విప్పాల్సి వస్తుంది.

అక్కయ్యని, బావగారిని అడిగానని చెప్పు.

మీ మామయ్య