కాలనీ చెట్ల కోసం కూతలు రాసుకోబోతున్న చిట్టికి

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ సైనిక్‌పురి వీధిలో చెట్ల కొమ్మలు కొట్టించాలని కాలనీ సంఘం అనుకుంటోందనీ, ఆలోపే అక్కడి పక్షుల కూతలన్నీ రాసిపెట్టి విన్నపం ఇవ్వాలని నువ్వు పూనుకున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నంతసేపూ నాకు ఎంత గర్వంగా అనిపించిందో, ఫోను పెట్టేశాక అంత గుబులు పట్టుకుంది. నువ్వు తెల్లవారుజామున నాలుగింటికే ఒంటరిగా వీధిలోకి వెళతావు, నాకు తెలుసు.

పుస్తకం, పెన్ను, ఫోను చాలు. తేదీ, వేళ, చెట్టు, పక్షి, అది చేస్తున్న పని అక్కడికక్కడే రాసుకో. చీకటి ఉన్నంతసేపూ మేడ మీద నుంచే విను, పిట్టగోడ ఎక్కకు. వెలుతురు వచ్చాక మీ నాన్నను వెంటబెట్టుకుని వెళ్లు. బైనాక్యులర్‌ను మాత్రం ఎవరి కిటికీ వైపూ తిప్పవద్దు. ఇళ్లవైపు గురిపెట్టి నిలబడ్డ మనిషి పిట్టల కోసం వచ్చిందని ఎవరూ అనుకోరు. ఒక్కసారి అనుమానం పుట్టిందంటే, నీ పుస్తకంలో ఎంత నిజం ఉన్నా ఆ ఇంటివారు నీ కాగితం మీద సంతకం పెట్టరు.

కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ చూపించిన పేరును అలాగే దించేయకు, పక్షిని కంటితో చూశాకే రాయి. స్థాయి పెంచుకుంటూ పోయే మగ కోయిల కూత అందరికీ తెలుసు గానీ, గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలుండే ఆడ కోయిల 'కిక్ కిక్ కిక్' అని గబగబా అరిస్తే చాలామంది అది వేరే పక్షి అనుకుంటారు. ఆ అరుపు వినిపించిన చుట్టుపక్కల కాకిగూడు ఉందేమో చూడు, ఎందుకంటే కోయిల తాను గూడు కట్టదు, ఎక్కువగా కాకిగూట్లోనే గుడ్లు పెడుతుంది. కంసాలిపిట్టను తీరిగ్గా చూడు. పిచ్చుక కన్నా కాస్త పెద్దదైన ఆ ఆకుపచ్చ పిట్ట, నుదుట ఎర్రని మచ్చతో ఎండుకొమ్మ చివర కూర్చుని, ముక్కు మూసుకునే, ఒక్కో 'టుక్'కూ గొంతు ఉబ్బిస్తూ, రాగిరేకు మీద చిన్న సుత్తితో కొట్టినట్టు ఎడతెగకుండా మోగిస్తుంది. గూటి కోసం అది తొలిచేది కూడా అలాంటి ఎండుకొమ్మనే. చెట్టు కొట్టించేవారు ముందుగా వేలు చూపించేదీ ఆ కొమ్మనే.

మారేడుపల్లిలో మేమున్న వీధిలో ఒక వైశాఖంలో జరిగిన పొరపాటు నీకు వివరంగా చెప్పాలి. ఇంటి ఎదుటి పెద్ద వేపచెట్టు మీద కోయిల తెల్లవారకముందే మొదలుపెడుతోందని కొందరు మొరపెట్టుకుంటే సమావేశం పెట్టారు. చెట్టు పక్షాన లేచిన పెద్దమనిషి ఉగాది గురించీ, మామిడి పూత గురించీ, వసంత శోభ గురించీ చాలాసేపు మాట్లాడారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చే ఒక రైల్వే ఉద్యోగీ, పసిబిడ్డను పడుకోబెట్టలేక అలసిపోయిన ఒక బాలింతా అదే గదిలో ఉన్నారు. వారికి నిద్ర ఎన్ని గంటలకు చెడుతోందో, పడక ఏ కిటికీ పక్కన ఉందో ఎవరూ అడగలేదు. ఉపన్యాసం ముగిసేసరికి వారి మనసు పూర్తిగా విరిగిపోయింది, మర్నాడే గొడ్డళ్లు వచ్చాయి. రెండు కాకిగూళ్లు పిల్లలతో సహా రోడ్డు మీద పడ్డాయి. పుల్లల మధ్య ఇనుపతీగ ముక్కలు, ఇంకా కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు. ఆ తరువాత చాలా రోజులు కాకులు దారినపోయేవారి తలల మీదికి దూకుతుంటే బడిపిల్లలు గొడుగులు వేసుకుని నడిచారు. కోయిల పక్కవీధి మామిడిచెట్టుకు మారి, అదే వేళకు అలాగే కూసింది. కంసాలిపిట్ట మళ్లీ వినబడలేదు. వేపచెట్టు నీడ పోయిన తన ఇంట్లో, పగలు పడుకోవలసిన రైల్వే ఆయన ఆ వేసవంతా ఉడికిపోయాడు.

అందుకే చెబుతున్నాను, విన్నపం రాయకముందే నిద్ర చెడినవారి ఇళ్లకు వెళ్లు. వారి బాధ నిజమైనదని ముందు ఒప్పుకో. ఇది జతకట్టే కాలపు గోల అనీ, వర్షాలు కుదురుకున్నాక తగ్గిపోతుందనీ చెప్పు. కరెంటు తీగలకు తగిలే కొమ్మలను గూళ్లు లేవని చూసుకుని ఇప్పుడే తీయించి, మిగతావి కార్తీకం దాకా ఆపమని సంఘాన్ని అడుగు. చెట్టునే కొట్టేయాలన్న మాట వస్తే నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలని గుర్తుచెయ్యి, కానీ చట్టంతో మాట మొదలుపెట్టకు.

ఫోనులో కూతలు మోగించి పక్షులను దగ్గరికి రప్పిస్తానన్నావట. ఆ పని చేశావంటే నేను ఊరుకోను. తన చోటులోకి మరో మగపక్షి వచ్చిందనుకుని, తిండి వెతకడం, గూడు చూసుకోవడం మాని అక్కడి పక్షి దాని కోసం వెతుకులాటలో పడుతుంది. గూడు నుంచి జారిన గోరువంక పిల్లను నువ్వు చిన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని దాచుకుంటే గట్టిగా తిట్టాను, రాత్రి అన్నం తినకుండా పడుకున్నావు. నిద్రలో కూడా నీ అరచేయి గూడులాగే ముడుచుకుని ఉంది. ఆ చేతితోనే ఈ విన్నపం రాస్తావని నాకు నమ్మకం.

రాయడం అయ్యాక ఇవ్వకముందు నాకు ఒకసారి పంపు, సమావేశం ఏ రోజో కూడా చెప్పు. నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

పెద్దమ్మ