ఫియట్‌లో కాశ్మీర్ పోవాలి… డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. జడ్పీ హైస్కూల్లో టీచర్‌గా రిటైరయ్యాను. వయసు 63. పెన్షన్ నెలకు 52 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు. రిటైర్మెంట్ డబ్బులో 30 లక్షలు ఏడాదిన్నర కింద పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేశాను. బిడ్డ పెళ్లికని 8 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి, పెళ్లి రెండు మూడేళ్లలో చేయాలి. సేవింగ్స్ ఖాతాలో 3 లక్షలున్నాయి. మా నాయిన 1974లో కొన్న ఫియట్, అంటే ప్రీమియర్ పద్మిని, ఊళ్లో రేకుల షెడ్డు కింద ఉంది. ఆయన పోయినప్పటి నుంచి ఎవరూ తీయలేదు. ఆర్సీ ఆయన పేరు మీదే ఉంది, గడువు 2024లో అయిపోయింది. ఆ బండిని బాగు చేయించి, చిన్ననాటి దోస్తుతో కలిసి కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాకా పోవాలని ఉంది. మెకానిక్ 2 లక్షల 75 వేలు అడిగాడు. స్కీము క్లోజ్ చేయాలా, ఎఫ్‌డీ తీయాలా, ఇంట్లో బంగారం పెట్టి లోన్ తీసుకోవాలా? పాత బండ్ల రేటు పెరుగుతది, పెట్టింది ఎక్కడికీ పోదని దోస్తు అంటున్నాడు. కొడుకేమో ‘గా డబ్బాతోని కాశ్మీర్ పోతరా, ఫ్లయిట్ టికెట్లు నేనే తీస్తా’ అంటున్నాడు.

జవాబు: సారూ, మీరడిగిన మూడింట్లో ఒక్కటి కూడా వద్దు. అలాగని ప్రయాణం మానుకోమనడం లేదు. మీ లెక్కలు చూస్తే డిపాజిట్ ముట్టకుండా, బంగారం గడప దాటకుండా వెళ్లి రావచ్చు. కాకపోతే వచ్చే నెలలో కుదరదు. ఏడాదిన్నర ఓపిక పట్టాలి. ఆ ఏడాదిన్నర బండికి కూడా అవసరమే.

ముందు సీనియర్ సిటిజన్ స్కీము సంగతి. అందులోంచి కావలసినంత తీసుకుని మిగతాది ఉంచుకునే వీల్లేదు, ఖాతా మూసేయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందు మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. 30 లక్షల మీద 45 వేలు. మీ బండి ఇక్కడి నుంచి శ్రీనగర్ పోయి రావడానికి అయ్యే పెట్రోలు ఖర్చులో చాలా భాగం దాంతోనే తీరుతుంది. పైగా 8.2 శాతం వడ్డీ ఇచ్చే ఖాతా చేజారుతుంది. అదే ఖాతాను కదిలించకుండా ఉంచితే మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది, ఏడాదికి 2 లక్షల 46 వేలు. బండినీ ప్రయాణాన్నీ ఆ వడ్డీతోనే నడిపించాలన్నది నా సలహా. మీ పెన్షన్, ఈ వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ మొత్తం కలిపినా కొత్త పన్ను విధానంలో 12 లక్షల రిబేటు పరిమితి లోపలే ఉంటారు, పన్ను పడదు. కానీ స్కీము వడ్డీ ఏడాదికి లక్ష దాటింది కాబట్టి పోస్టాఫీసు టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తుంది. పన్ను వర్తించదన్న డిక్లరేషన్ ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి. చాలామంది ఇవ్వరు, తర్వాత రీఫండ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఎఫ్‌డీ బిడ్డ పెళ్లిది, దాని గురించి చర్చ అనవసరం. బంగారం మీ ఇంటావిడది. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఈ ప్రయాణం గురించి ఆమె ఏమంటున్నదో ఒక్క ముక్క కూడా లేదు. సరదా ప్రయాణానికి భార్య బంగారం కుదువబెట్టమని నేనైతే ఎవరికీ చెప్పను.

ఇక ఖర్చు. మీరు ఎక్కువగా ఆలోచిస్తున్నది పెట్రోలు, లాడ్జీల గురించి. అసలు డబ్బు పోయేది షెడ్డులో. ఏళ్ల తరబడి కదలని బండిని మెకానిక్ పైపైన చూసి చెప్పిన 2.75 లక్షలు విప్పి చూశాక ఉండవు. నేను మూడున్నర వేసుకుంటున్నాను. ఇంజిన్, రంగుల కంటే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. మొదటిది పెట్రోలు వెళ్లే దారి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1974 నాటి రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ వాషర్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, మెత్తబడి లీకవుతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి తుప్పు పట్టిన ట్యాంకుకు ఇంకా చేటు. ట్యాంకు దింపించి కడిగించండి. పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి. రెండోది టైర్లు. పైకి బాగానే కనిపించినా రబ్బరు ఎండిపోయి ఉంటుంది, పాతవాటితో హైవే ఎక్కొద్దు. కొత్తవి కొనేటప్పుడు టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ సైజు టైర్లు అంతగా అమ్ముడుపోవు కనుక దుకాణంలో ఏళ్లకేళ్లు పడి ఉన్న సరుకు మీకు అంటగట్టవచ్చు. మూడోది బ్రేకులు, రేడియేటర్, వాటర్ పంపు. సీట్ల గుడ్డ, క్రోమ్ మెరుగులు చివరి వాయిదాకు వదిలేయండి. అసలు చేయించకపోయినా బండి నడుస్తుంది.

స్పేర్ పార్టుల గురించి ఒక మాట. ఈ కారు తయారీ ఆగి సుమారు పాతికేళ్లయింది. ఇన్నాళ్లూ పార్టులు దొరికాయంటే అందులో ముంబయి టాక్సీల పుణ్యం చాలా ఉంది. అక్కడ చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. కాబట్టి రోడ్డు మీద పాడైతే అక్కడే కొనుక్కుందామని అనుకోవద్దు. హైదరాబాద్ రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో ముందే వెతికి క్లచ్ ప్లేటు, ఫ్యూయల్ పంపు, వాటర్ పంపు, డిస్ట్రిబ్యూటర్ సామాను, ఫ్యాన్ బెల్టులు డిక్కీలో పెట్టుకోవాలి. వీటి ఖర్చు మూడున్నర లక్షల్లోనే కలిపాను.

దారిలో మీకొక అదృష్టం ఉంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే ఎన్‌హెచ్ 44 మీ ఇంటి పక్కనే పోతుంది. భూత్పూర్ దగ్గర ఎక్కితే కుడికి పోయినా ఎడమకు పోయినా అదే రోడ్డు. అంటే ఇది ఒకే దమ్ములో చేయాల్సిన ప్రయాణం కాదు. మధ్యలో ఇల్లుంది. ముందు కన్యాకుమారి పోయి ఇంటికి రండి. బండిని మళ్లీ విప్పి చూపించండి. ఉత్తరానికి పోవాలో వద్దో అప్పుడు తేల్చుకోండి. దక్షిణం సగం అటూ ఇటూ తిరగడంతో కలిపి 2,600 కిలోమీటర్లు, ఉత్తరం 5,400. మొత్తం 8,000 అనుకుందాం. లోడుతో లీటరుకు 11 వస్తుందనుకుని, లీటరు 110 చొప్పున చూస్తే దక్షిణానికి 26 వేలు, ఉత్తరానికి 54 వేలు. రోజుకు 250 కిలోమీటర్ల కంటే ఎక్కువ నడపొద్దు, ఆ బండికీ మీ నడుముకూ అదే హద్దు. అలా దక్షిణానికి 12 రోజులు, ఉత్తరానికి 28. ఇద్దరికీ గది, తిండి కలిపి రోజుకు 3 వేలు, అంటే మొత్తం లక్షా 20 వేలు.

టోల్‌కు మాత్రం భయపడాల్సిన పని లేదు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైంది. సొంత కార్లకు ఏడాదిలో 200 దాటుళ్లు. శాఖాపూర్, పుల్లూరు మొదలుకొని మీరు దాటే గేట్లు, 60 కిలోమీటర్లకొకటి వేసుకున్నా, రానూపోనూ 130 దాకా తేలతాయి. ఏడాది గడువులోపలే రెండు సగాలూ పడేలా పాస్ తీసుకునే తేదీ చూసుకోండి. రాష్ట్ర రహదారుల గేట్లకు అది పనికిరాదు. పాత పుస్తకం ఆర్సీ వివరాలు ఆన్‌లైన్‌లో లేకపోతే పాస్ రాదు, ఆ పని ముందే ఆర్టీఏ ఆఫీసులో చూసుకోండి. పాస్, చిల్లర గేట్లు, పార్కింగ్ కలిపి 5 వేలు రాశాను.

మొత్తం ప్రయాణం 2 లక్షల 5 వేలయింది. దోస్తుతో సగం సగం అయితే మీ వంతు 1,02,500. సగం దేంట్లో అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. పెట్రోలు, గది, తిండి, టోల్ చెరిసగం. రిపేరు బండి యజమానిది. నాగపూర్‌లో గేర్‌బాక్స్ కూర్చున్నాక ఈ మాట ఎత్తితే యాభై ఏళ్ల దోస్తానా చెడుతుంది.

దీనికి పైన ఇంకో లక్ష. దీన్ని ఖర్చుగా కాక ఆపద పైసలుగా చూడండి. అందులో 60 వేలు రోడ్డు మీది రిపేర్లకు, 40 వేలు బండిని లారీ మీద ఇంటికి తెప్పించుకోవడానికి. బయలుదేరే ముందే ఒక కాగితం మీద రాసి దోస్తుతో, ఇంటావిడతో సంతకం పెట్టించండి. ఒక్కచోట రిపేరు 25 వేలు దాటినా, నాలుగు రోజుల్లో పార్టు దొరక్కపోయినా బండి లారీ ఎక్కాలి, మీరు రైలెక్కాలి. ఇది వినడానికి మొరటుగా ఉంటుంది. కానీ పాత బండితో పోయినవాళ్ల జేబుకు చిల్లు పడేది తొలి రిపేరుతో కాదు. ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడదామని చేయించే మూడో రిపేరుతో.

డబ్బు సర్దుబాటు ఇలా ఉంటుంది. సేవింగ్స్‌లోని 3 లక్షల్లో లక్షన్నర ఇంటి అత్యవసరానికి అక్కడే ఉండాలి, మీరు దారిలో ఉన్నప్పుడు ఇల్లు నడవాలి కదా. మిగతా లక్షన్నరతో ఏప్రిల్‌లో పని మొదలుపెట్టండి. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి వడ్డీలు 2.46 లక్షలు, పెన్షన్‌లో నెలకు మిగిలే 17 వేల చొప్పున పది నెలలకు 1.7 లక్షలు. జనవరి చివరికి 5 లక్షల 66 వేలు. బండి మూడున్నర, ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు 30 వేలు, దక్షిణం సగానికి మీ వంతు 31 వేల పైచిలుకు, ఆపద పైసలు లక్ష. అన్నీ పోను ఇంకా మిగులుతుంది. మెకానిక్‌కు కూడా వడ్డీ వచ్చినప్పుడల్లా, అయిన పనికే ఇవ్వండి. వానాకాలంలో పరీక్షలు చేయండి. మొదట పిల్లలమర్రి దాకా, తర్వాత అలంపూర్, ఆ తర్వాత మన్ననూర్ మీదుగా శ్రీశైలం. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు, ఎక్కేటప్పుడు రేడియేటర్ తమ సంగతి తామే చెప్పేస్తాయి. అడవి గేటు రాత్రి మూసేస్తారు కనుక పగటిపూటే పోండి. ఫిబ్రవరిలో కన్యాకుమారి, సెప్టెంబరు చివర్లో కాశ్మీర్. ఎండాకాలంలో నాగపూర్ దారి పట్టొద్దు, ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోతుంది. సెప్టెంబరులోపు మరో రెండు వాయిదాల వడ్డీ, ఏడు నెలల మిగులు చేరతాయి. ఆపద లక్షతో కలిపి మొత్తం 5 లక్షల 83 వేలు పోను, ఆపద పైసల్లో చేయి పెట్టకపోతే, మూడు లక్షలకు పైగా పెళ్లి ఎఫ్‌డీలో కలపవచ్చు.

ఢిల్లీ చుట్టుపక్కల జిల్లాల్లోకి ఈ బండిని తీసుకుపోవద్దు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో ఖాయం చేసింది, ఆ తర్వాత ఉత్తర్వులు మారుతూ వస్తున్నాయి. బండిని సీజ్ చేయించుకుని వాదించే కంటే ఆగ్రా నుంచి కాస్‌గంజ్, బదాయూన్, మురాదాబాద్, హరిద్వార్, సహారన్‌పూర్ మీదుగా అంబాలా చేరడం మేలు. ఆ చుట్టు కూడా లెక్కలో కలిపాను. హరిద్వార్ మీ ఇంటావిడకు చెప్పి చూడండి, ఆమె కూడా వస్తానంటారేమో.

రేటు పెరుగుతదన్న దోస్తు మాటను లెక్కలోకి తీసుకోవద్దు. కొనేవాడు దొరికితే దొరుకుతాడు, కానీ మీరు పెట్టే మూడున్నర లక్షలు తిరిగి రావనే అనుకుని పెట్టండి. మీరు అమ్ముతారని కూడా నేననుకోను. 50 ఏళ్లు దాటింది కదా, వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామని ఎవరైనా అంటే అసలే వద్దు. 2021లో వచ్చిన ఆ నిబంధనల ప్రకారం 20 వేల ఫీజుతో ప్రత్యేక నంబరు వస్తుంది. కానీ ఆ బండిని ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు, రిపేర్ల కోసమే రోడ్డెక్కించాలి. కాశ్మీర్ ఆశ అక్కడితో సరి. మీకు కావాల్సింది మామూలు ఆర్సీ రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టు నుంచి ఆ ఫీజు 10 వేలు, గడువు దాటిన ప్రతి నెలకూ 500 అదనం. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్, కాలుష్య పరీక్ష, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. మీ బండి సీసీకి 2022 నుంచి ఉన్న ప్రీమియం 3,416, జీఎస్టీతో 4,031. ఇంత పాత బండి సొంత డ్యామేజీకి కవర్ దొరకడం కష్టం. దొరికితే విలువ ఎంతన్నది కంపెనీతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి. తప్పనిసరిగా ఉండే 15 లక్షల ప్రమాద బీమా యజమాని డ్రైవరుకు మాత్రమే. స్టీరింగ్ దోస్తు పట్టుకునే రోజులుంటాయి కాబట్టి ఆయనకు విడిగా తీసుకోండి.

వీటన్నిటికంటే ముందు, ఆర్సీ మీ నాయిన పేరు మీదే ఉందన్నారు. చనిపోయిన మనిషి పేరు మీది బండికి ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర చిక్కు తప్పదు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఫారం 31తో వారసత్వ బదిలీకి దరఖాస్తు చేయాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల అంగీకార పత్రం అడుగుతారు. యాభై ఏళ్ల నాటి నాయిన బండి, ఎవరి మనసులో ఏముందో తెలియదు. ఫోన్లో కాకుండా వాళ్లింటికి వెళ్లి అడగండి. ఆ సంతకాలు వచ్చేదాకా మెకానిక్‌కు అడ్వాన్సు ఇవ్వకండి.