యోగ అంటే ‘ఒకటి కావడం’ అయితే, కైవల్యం అంటే విడిపడటం ఎలా అయింది?

మీ అనుమానం సరైనదే. చెన్నై మైలాపూరు క్లాసులో మీ మాస్టారు ‘యోగ అంటే కలయిక, అంతా ఒకటే’ అన్నారు. మీరు ఇంటికొచ్చి పతంజలి యోగసూత్రాలు తెరిస్తే కైవల్యం, అంటే చూసేవాడు (పురుషుడు) ప్రకృతి నుంచి విడిపడి ఒంటరిగా నిలవడం, ఎదురైంది. రెండూ ఉన్నమాటే, కాకపోతే ఒకే శాస్త్రంలోవి కావు.

‘యుజ్’ ధాతువుకు కలపడం అనే అర్థమూ ఉంది (యుజిర్ యోగే), మనసు నిలపడం అనే అర్థమూ ఉంది (యుజ సమాధౌ). ఆ సూత్రాలకు పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం మొదటి సూత్రం దగ్గరే ‘యోగః సమాధిః’ అని రెండోదాన్ని పట్టుకుంది. పైగా పతంజలి 2.6లో (రెండో పాదం, ఆరో సూత్రం) ‘ఏకాత్మతా’ అన్నది మెచ్చుకోలుగా కాదు. చూసేవాడూ, చూపుకు పనిముట్టయిన బుద్ధీ ఒకటే అన్నట్టు తోచడం అస్మిత, ఐదు క్లేశాల్లో (మనసును బాధించే దోషాల్లో) రెండోది. అక్కడున్న ‘ఇవ’ను, అంటే ‘అన్నట్టు’ను, వదిలేసి చదివితే సూత్రం తలకిందులవుతుంది. 2.17లోనైతే ఆ ఇద్దరి సంయోగమే దుఃఖానికి హేతువు.

ఐక్యం మాట హఠయోగ గ్రంథమైన హఠయోగప్రదీపిక నాలుగో ఉపదేశంలో దొరుకుతుంది: నీళ్ళలో సైంధవ లవణం కలిసిపోయినట్టు మనసూ ఆత్మా ఒకటి కావడం సమాధి. ఈశావాస్యోపనిషత్తులోని ‘ఏకత్వమనుపశ్యతః’ (ఒకటిగా చూసేవాడికి) దారి ఇంకొకటి. దాన్ని అద్వైతి స్వరూపమే ఒకటని చెబుతాడు. రామానుజుల దారిలోని విశిష్టాద్వైతికి అది శరీరానికీ శరీరికీ (అందులో ఉన్న ఆత్మకీ) ఉన్న విడదీయరాని సంబంధం, జీవుడు జీవుడిగానే ఉంటాడు. చెన్నైలో ఈ తేడా పుస్తకాల గొడవ కాదు. 1989లో పోయేదాకా దశాబ్దాలపాటు ఇక్కడ యోగ నేర్పిన కృష్ణమాచార్యులు శ్రీవైష్ణవులు, అంటే విశిష్టాద్వైతం వైపువారు. మీ మాస్టారిని ‘ఒకటంటే ఏ లెక్కన అండీ?’ అని అడగండి, తప్పేం లేదు.

సాధనకు మాత్రం 1.32లోని ఏకతత్త్వాభ్యాసం చాలు: ఆలంబనం (మనసు నిలిపే ఆధారం) ఒక్కటే, రోజూ అదే. ఐదు, ఐదున్నరకల్లా కూర్చోండి. ఎండెక్కితే ఇక్కడి ఉక్కలో శ్వాస మీద కన్నా చెమట మీదే ధ్యాస. దుప్పటి మడిచి పిరుదుల కింద పెట్టుకుంటే మోకాళ్ళు తుంటికన్నా కిందికి దిగుతాయి. అది లేకపోతే నడుము జారి, పది నిమిషాల్లో కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, 12 సార్లు. కుంభకం (శ్వాస బిగబట్టడం) వద్దు. తర్వాత లెక్క మానేసి ముక్కుపుటాల దగ్గర గాలి తాకిడి మీద పది నిమిషాలు.

ఎక్కువమంది చెడగొట్టుకునేది వారానికో ఆలంబనం మార్చి: ఇవాళ శ్వాస, రేపు మంత్రం, ఎల్లుండి దీపం. కునుకు వస్తే అది లయం. కళ్ళు సగం తెరిచి, వెన్ను సర్దుకోండి. ఆలోచనలు పరుగెడితే విక్షేపం. వదిలే శ్వాసను ఇంకాస్త పొడిగించండి. ఈ రెంటికీ విరుగుడు మాండూక్యకారికల్లో అద్వైత గురువు గౌడపాదులు చెప్పారు (3.44). ఆ తర్వాతి కారికలో ఆయన హెచ్చరించినది మీ ప్రశ్నకు మరీ దగ్గర: ‘అంతా ఒకటైపోయింది’ అనే హాయి. దాన్ని రుచి చూస్తూ కూర్చోవద్దంటారు. ఆ హాయి కూడా తెలుస్తోందంటే, తెలుసుకునేది వేరే ఉన్నట్టే. మళ్ళీ ముక్కుపుటాల దగ్గరికి రండి.