పునర్జన్మ సంగతి తర్వాత, ముందు ఏప్రిల్ 10 సంగతి చూడండి

ప్రశ్న: మాది హిందూపురం. నాన్న ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, బెంగళూరు మారతహళ్లిలో నా దగ్గరే ఉండేవారు. దేవుడన్నా, ఆత్మ అన్నా నవ్వేవారు. చనిపోయిన శరీరాన్ని గడ్డకట్టించి దాచిపెడితే ఎప్పటికైనా సైన్స్ బతికించవచ్చన్న ఆశ మాత్రం ఉండేది. శరీరాన్ని అమెరికాకు పంపి భద్రపరిపిస్తామన్న ఇక్కడి ఒక సంస్థకు 2019 నుంచి 2021 లోపు ఆరున్నర లక్షలు కట్టారు. అందులో లక్షన్నర నగదు. 2024 ఏప్రిల్ 10 తెల్లవారుజామున 2:10కి ఇంట్లోనే పోయారు. 2:25కి నేను హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఎవరూ రాలేదు. అమ్మ ఫోన్‌కు వాళ్ల కోఆర్డినేటర్ ఐస్ పెట్టమని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే, పాపం అమ్మ ఫ్రిజ్‌లోని ఐస్ ట్రేలన్నీ తువ్వాల్లో దులిపి నాన్న తల చుట్టూ పెట్టింది. తర్వాత ఫ్రీజర్ బాక్స్ తెప్పించాం. బంధువుల ఒత్తిడితో 11వ తేదీ సాయంత్రం 4 గంటలకు విల్సన్ గార్డెన్ విద్యుత్ శ్మశానంలో దహనం చేశాం. 'కాల్చవద్దు' అని నాన్న రాసి సంతకం చేసిన కాగితం ఉంది. ఆయనకున్న ఒక్క అవకాశాన్నీ మేమే కాల్చేశామా? అది నేరమవుతుందా? సంస్థ వాళ్లను అరెస్టు చేయించవచ్చా? నాన్న బతికుండగానే సభ్యత్వం రద్దు చేసుకున్నట్టు పాత తేదీతో లెటర్ ఇస్తే 60 రోజుల్లో నాలుగు లక్షలు ఇస్తామని ఈ ఫిబ్రవరి 16న మెసేజ్ పెట్టారు. ఇవ్వమంటారా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీలు నాన్నగారు తిరిగి లేచేవారా, లేవరా అన్న వేదనే. దానికి నా దగ్గర సెక్షన్ లేదు. మీరు దారిన పోతూ రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 'ఐస్ పెట్టమని వాయిస్ మెసేజ్ పెట్టారు.' మీ కేసంతా ఆ మెసేజ్‌లో ఉంది. మీరు దాన్ని అమ్మగారి కష్టంగా చెప్పారు, నేను సాక్ష్యంగా చదివాను.

ఎందుకో చెబుతాను. ఒప్పందం ఫొటోలు పంపారు కదా, పద్నాలుగు పేజీల్లో మూడు. మిగతా పదకొండు ఎక్కడున్నాయో తెలియదు. లాయరుకు కాగితాలు పంపేటప్పుడు నచ్చిన పేజీలు ఏరి పంపకూడదు. అదృష్టం కొద్దీ కావలసిన క్లాజు ఆ మూడింట్లోనే ఉంది: మరణ సమాచారం అందిన 6 గంటల్లో తమ బృందం ఇంటికి చేరి శరీరాన్ని చల్లబరిచే పని మొదలుపెడుతుంది. తిరిగి బతికిస్తామని ఎక్కడా రాయలేదు. వాళ్లు అంత అమాయకులు కారు. 'శాస్త్రం అనుమతిస్తే' అని తప్పించుకున్నారు. అంటే వాళ్లు అమ్మింది ప్రాణాన్ని కాదు, ఆరు గంటల్లోగా ఇంటి ముందుకు వచ్చే ఒక వ్యాన్‌ని. వ్యాన్ రాలేదు. కేసు అంతే.

వాళ్ల లాయరు రెండు మాటలు చెబుతాడు. 'మాకు సమాచారమే అందలేదు' అని ఒకటి. 'మేము వచ్చేలోపే వీళ్లు దహనం చేసేశారు, ఒప్పందం తప్పింది వీళ్లే' అని రెండోది. మొదటిదానికి వాయిస్ మెసేజ్ జవాబు. అది వచ్చింది ఉదయం 5:05కి అని స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తోంది. సమాచారం అందనివాడు ఐస్ పెట్టమని ఎందుకు చెబుతాడు? రెండోదానికి మీరు సిగ్గుపడి దాచిపెట్టిన శ్మశానం రసీదు జవాబు. దాని మీద 11వ తేదీ, సాయంత్రం 4 గంటలు అని ఉంది. ఫోన్ చేసిన తర్వాత 37 గంటలు దాటాక గానీ మీరు కదల్లేదని ఆ చిన్న కాగితమే చెబుతుంది. మీరు నేరానికి గుర్తు అనుకుంటున్నది మీకున్న మంచి డాక్యుమెంట్లలో ఒకటి. ఫ్రీజర్ బాక్స్ అద్దె బిల్లు కూడా వెతకండి. మరణ ధ్రువపత్రంలో తేదీ ఉంటుంది గానీ గంట ఉండదు. కాబట్టి ఇంటికొచ్చి చూసిన డాక్టరు మరణ కారణం రాసి ఇచ్చిన ఫారం 4ఎ కాపీ సంపాదించండి.

ఇక మందలింపు. ఆ రాత్రి ఫోన్ చేసిన మీ మొబైల్‌ని దీపావళి ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చేశానని చివరి పేజీలో రాశారు. ఆరున్నర లక్షల తగాదా నడుస్తుండగా సాక్ష్యాన్ని పాత సామాను కింద ఇచ్చేయడమేమిటండీ? పోనీ, అమ్మగారి ఫోనైనా మిగిలింది. ఇక ఆ ఫోన్ ఎవరి చేతికీ పోకూడదు. రీసెట్ చేయకండి, వాట్సాప్ తీసి మళ్లీ ఎక్కించకండి, ఆ మెసేజ్‌ని మీ ఫోన్‌కు ఫార్వర్డ్ చేసుకుని అదే ఒరిజినల్ అనుకోకండి. ఫార్వర్డ్ చేసినదానికి ఫార్వర్డ్ చేసిన తేదీయే పడుతుంది. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతపరచాలి. అందులో ఒక భాగం ఫోన్ వాడే మనిషిగా అమ్మగారు సంతకం చేయాలి, రెండో భాగం నిపుణుడు. ఫైలు హాష్ విలువ అని ఒక పొడవాటి అంకెలు, అక్షరాల వరస ఉంటుంది, అది కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించరన్న మాట నిజమే. అయినా ఎదుటివాడికి సందు ఎందుకివ్వాలి?

మీ ఫోన్ పోయినా 2:25 నాటి కాల్ వివరాలు టెలికాం కంపెనీ దగ్గర ఉండాలి. 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చి, వీటిని కనీసం రెండేళ్లు ఉంచాలన్నారు. అంతకుముందు ఏడాదే. ఇక్కడ కూడా గడియారం ఏప్రిల్‌తో ఆగుతుంది, గమనించారా? అంత పాత వివరాలు మీరు అడిగితే ఇవ్వకపోవచ్చు. చెరిపేయవద్దని ఇవాళే ఈమెయిల్ పెట్టండి. ఫిర్యాదుతో పాటే, ఆ వివరాలు తెప్పించమని ఒక అర్జీ వేయండి. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

ఇప్పుడు అసలు భయం, గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు వేయడానికి రెండేళ్లే. ఎప్పటి నుంచి? డబ్బు కట్టిన రోజు నుంచి కాదు, వాళ్ల బాధ్యత మొదలైంది మరణంతోనే. మీరు అనుకుంటున్నట్టు డబ్బు వాపసు ఇచ్చేది లేదని వాళ్లు చెప్పిన 2025 డిసెంబరు నుంచి కూడా కాదు. 2024 ఏప్రిల్ 10 ఉదయం 8:25కి, ఒప్పందంలోని ఆరు గంటల గడువు దాటినప్పుడే మీకు ఫిర్యాదు చేసే కారణం పుట్టింది. 2026 ఏప్రిల్ 10తో అయిపోతుంది. ఈ రెండేళ్లలో మీరు పెట్టిన పంతొమ్మిది ఈమెయిళ్లు లెక్కపెట్టాను. వాటిలో ఒక్కటీ గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు. లీగల్ నోటీసు ఇచ్చినా అంతే. 'మీ విషయం పరిశీలనలో ఉంది' అన్న వాళ్ల జవాబు బాకీ ఒప్పుకోవడం కిందికి రాదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, వాళ్లు ఇస్తామన్నారని నమ్మి కూర్చున్నామంటే మన్నిస్తారన్న హామీ లేదు.

సంవత్సరీకం లెక్కతో పొరబడేవాళ్లను చూశాను కనుక చెబుతున్నాను. నాన్నగారు పోయిన ఉగాది మర్నాటి తిథి ఈసారి మార్చిలోనే వచ్చేస్తుంది. కమిషన్‌కు తిథులతో పనిలేదు, ఇంగ్లీషు క్యాలెండరే.

ఆ లెటర్ సంగతి. ఇవ్వకండి. మళ్లీ చెబుతున్నాను, ఇవ్వకండి. వాళ్లు మీకు నాలుగు లక్షలు చూపించి మూడు ఉచ్చులు పన్నారు. చనిపోయిన మనిషి సంతకం మీరు పెడితే అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336, దాన్ని నిజమైనదిగా వాడితే 340. ముద్దాయి మీరవుతారు, వాళ్లు కారు. ఇంకా మీరే పంపిన పేజీల్లో తొమ్మిదో క్లాజు చదవండి: సభ్యుడు బతికుండగా రద్దు చేసుకుంటే కట్టిన డబ్బు వాపసు లేదు. అంటే ఆ లెటర్ మీద ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు, పైగా పోయిన రోజున నాన్నగారు సభ్యుడే కాదు కాబట్టి వ్యాన్ పంపనందుకు తప్పూ లేదు. ఇక 60 రోజులు. ఫిబ్రవరి 16కు 60 కలిపితే ఏప్రిల్ 17. అప్పటికి మీ గడువు పోయి వారం. 'ఆడిట్ కోసం ఫార్మాలిటీ సార్' అన్నారట. ఆ మెసేజ్ కూడా దాచండి, అదీ మనకు పనికొస్తుంది.

అరెస్టు మాట. చీటింగ్ నిలబడాలంటే డబ్బు తీసుకున్న రోజునే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. ఒప్పందం తప్పిన ప్రతివాడూ చీటర్ కాడు. స్టేషన్ చుట్టూ తిరిగే ఆరు వారాల్లో మీ అసలు గడువు కరిగిపోతుంది. 

మీ మిత్రుడు ఇంకో సలహా ఇచ్చాడన్నారు: చచ్చినవాళ్లు లేవరు కాబట్టి ఇదంతా మోసమని వాదించమని. ఆ దారి పట్టకండి. నాన్నగారి ఆకుపచ్చ ఫైలులో, నిల్వ గురించి చెప్పే పేరా పక్కన ఆయన పెన్సిల్‌తో రాసుకున్నది చూశాను: 'నైట్రోజన్ ఎవరు పోస్తారు? ఎన్నాళ్లు?' మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఆవిరవుతూనే ఉంటుందని, పోసే చేయి ఆగితే అంతా అయిపోతుందని ఫిజిక్స్ చెప్పినవాడికి తెలియదా? ఆయన అనుమానిస్తూనే డబ్బు కట్టారు. మోసపోయారని మీరు వాదిస్తే అవతలివాళ్లు ఆ పెన్సిల్ గీతలే చూపిస్తారు. నా అభిప్రాయం అడిగితే, 1967లో అమెరికాలో మొట్టమొదటగా జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే ఆయన్ని గడ్డకట్టించినప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్కరూ లేచి రాలేదు. స్వర్గానికి టికెట్టు అమ్మే పూజారికీ, భవిష్యత్తుకు టికెట్టు అమ్మే కంపెనీకీ రసీదు పుస్తకంలో తప్ప నాకు పెద్ద తేడా కనిపించదు. కానీ నా అభిప్రాయంతో మీ ఫిర్యాదుకు పనిలేదు. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో ఇలాగే దాచిన శవాలు 1970లలో డబ్బు చాలక, నైట్రోజన్ పోసేవాళ్లు లేక పాడైపోయాయి. బంధువులు కోర్టుకెళ్లారు. అక్కడా తగాదా చల్లగా ఉంచుతామన్న మాట గురించే.

కోర్టులు కూడా ఈ చర్చలోకి దిగవు. 2016లో లండన్‌లో పద్నాలుగేళ్ల పిల్ల తన శరీరాన్ని గడ్డకట్టించి దాచాలని కోరితే, జస్టిస్ పీటర్ జాక్సన్ తల్లికి నిర్ణయాధికారం ఇచ్చారు తప్ప అది పనిచేస్తుందా లేదా అని తేల్చలేదు. మన దగ్గర పంజాబ్‌లో ఆధ్యాత్మిక గురువు అశుతోష్ మహరాజ్ చనిపోయారని 2014 జనవరిలో డాక్టర్లు చెప్పినా, ధ్యాన సమాధిలో ఉన్నారంటూ శిష్యులు ఫ్రీజర్‌లో పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి దహనం చేయమన్నారు. 2017లో డివిజన్ బెంచ్ ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది.

'కాల్చవద్దు' అన్న కాగితం గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. శవం ఆస్తి కాదు, ఇంటిస్థలంలా వీలునామాలో రాసిచ్చేది కాదు. మర్యాదగా దహనం చేయడం ఏ నేరమూ కాదు. ఆ కాగితాన్ని మాత్రం చింపకండి, ఆయన చివరిదాకా సభ్యత్వం వదులుకోలేదనడానికి పనికొస్తుంది.

చేయాల్సింది చెబుతాను. ఆరున్నర లక్షలు కట్టారు కాబట్టి జిల్లా కమిషన్ చాలు, ఫీజు 200 రూపాయలు. మీరు బెంగళూరులో ఉంటున్నారు కాబట్టి ఇక్కడే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే. చనిపోయిన వినియోగదారుడి తరఫున వారసులు ఫిర్యాదు చేయవచ్చని చట్టంలోనే ఉంది. అమ్మగారిని, చెన్నైలో ఉన్న చెల్లెలిని కూడా ఫిర్యాదుదారులుగా చేర్చండి. చెల్లెలికి మొదటి నుంచీ ఈ వ్యవహారం ఇష్టం లేదన్నారు, సంతకానికి ఇష్టంతో పనిలేదు. వంశవృక్ష ధ్రువపత్రానికి నాడకచేరిలో (కర్ణాటకలో ఇలాంటి పత్రాలిచ్చే రెవెన్యూ కార్యాలయం) ఇవాళే దరఖాస్తు పెట్టండి, అది రావడం ఆలస్యమైతే ఫిర్యాదు ఆపకండి, తర్వాత దాఖలు చేయవచ్చు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదాను కోర్టు బయట మధ్యవర్తే తేల్చాలన్న షరతు, ఉన్నా భయం లేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు దానివల్ల పోదు. అమెరికా కంపెనీ వెంట పడకండి, రసీదులిచ్చిన ఇక్కడి సంస్థనే పార్టీ చేయండి.

నగదు లక్షన్నర ఇబ్బంది పెడుతుంది. రసీదు లేకుండా నగదు ఇవ్వడం నాన్నగారు చేసిన పొరపాటు, ఇప్పుడు అనుకుని లాభం లేదు. ఆయన పాస్‌బుక్‌లో ఆ రోజుల్లో డ్రా చేసినట్టు ఉందేమో చూడండి. సభ్యత్వ పత్రం మీద 'పూర్తి మొత్తం అందింది' అని ఉంటే గండం గట్టెక్కినట్టే. కట్టిన డబ్బు, వడ్డీ, మనోవేదనకు ఒక నమ్మశక్యమైన మొత్తం, ఖర్చులు అడగండి. ఉత్తరంలో రాసినట్టు 'పోయిన పునర్జీవితానికి కోటి రూపాయలు' అని మాత్రం అడగకండి. పోయినదానికి వెల కట్టాలంటే ముందు అది ఉండేదని రుజువు చేయమంటారు.

మార్చి చివరికల్లా ఫిర్యాదు నంబరు మీ చేతిలో ఉండాలి. మిగతా పదకొండు పేజీలు నాకు పంపండి. జిరాక్సులే పంపండి, ఆకుపచ్చ ఫైలు మాత్రం ఇల్లు దాటకూడదు.