తిమింగలం కనిపించని రోజున మీ అమ్మాయి ఏం చేస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో చేరబోతోంది. పరిశోధన ఓడల మీద తిరుగుతూ తిమింగలాలను, డాల్ఫిన్లను సర్వే చేసే ఉద్యోగమే చేస్తానని పట్టుబట్టింది. డబ్బు కడితే రెండు వారాలు సముద్రం మీద తిప్పి సర్టిఫికెట్ ఇచ్చే యాత్ర ఒకటి ఉందట, దానికి పంపమంటోంది. మేము డేటా సైన్స్ చదవమంటున్నాం. ఆ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా? జీతం ఎలా ఉంటుంది? ఓడ మీద ఫోను పనిచేస్తుందా? రెండు దారులనూ పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరాన్ని పైన కుదించి వేశాం. అసలు ఉత్తరంలో మీరు ఉద్యోగ భద్రత గురించి మూడుసార్లు, జీతం గురించి రెండుసార్లు అడిగారు. ఫోను గురించి ఒక్కసారే అడిగారు, అదీ ప్రశ్నలన్నిటికీ చివర. ఇలాంటి ఉత్తరాలు చాలా చదివాను కాబట్టి చెబుతున్నాను, మీ అసలు ప్రశ్న ఆ చివరిదే. నేల కనిపించని చోట, నెల రోజులు, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య నా బిడ్డ ఎలా ఉంటుంది అన్నదే మీ బెంగ. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందు దానికే జవాబు చెబుతాను.

ఇప్పుడు చాలా పరిశోధన ఓడల్లో ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంది. రోజూ వీడియోలో మాట్లాడుకోవచ్చని ఆశ పెట్టుకోకండి. రోజుకో చిన్న సందేశం వస్తే చాలనుకోండి. రెండు రోజులు అదీ రాకపోతే ఏదో జరిగిందని అర్థం కాదు. ఓడ ఎక్కే ముందు వైద్య పరీక్ష ఉంటుంది. సముద్రంలో ప్రాణాలు కాపాడుకునే శిక్షణ కూడా చాలాచోట్ల తప్పనిసరి. ఎక్కాక లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కడ గుమిగూడాలో కసరత్తు చేయిస్తారు. శాస్త్రవేత్తల బృందానికి ఒక పెద్ద ఉంటారు, ఆ పెద్ద మీద కూడా కెప్టెన్ ఉంటారు. ఈ గాలిలో పరికరం దించవద్దని కెప్టెన్ అంటే ఎంత గొప్ప పరిశోధనైనా ఆగవలసిందే.

ఆడపిల్ల అన్న మాట మీరు రాయలేదు, కానీ అది వాక్యాల మధ్య కనిపిస్తూనే ఉంది. అట్లాంటిక్ సముద్రగర్భం పటాలను 1950ల్లో గీసిన మేరీ థార్ప్‌ను ఆ కొలతలు తెచ్చే ఓడల మీదికి ఏళ్ల తరబడి రానివ్వలేదు, ఆడవాళ్లకు చోటు లేదన్నారు. ఓడ తెచ్చిన అంకెలతో ఆమె ఒడ్డున కూర్చునే గీయవలసి వచ్చింది. ఆ కాలం పోయింది. ఇప్పుడు శాస్త్రవేత్తల బృందాలకు ఆడవాళ్లే నాయకత్వం వహించే యాత్రలు మామూలైపోయాయి. అయినా వేధింపులపై ఫిర్యాదు ఎవరికి చేయాలి, క్యాబిన్లు ఎలా కేటాయిస్తారు అన్నవి ఎక్కే ముందే అడిగి తెలుసుకోమనండి. అలా అడిగితే చిరాకుపడే బృందంతో వెళ్లనవసరం లేదు.

వాంతుల సంగతి కూడా చెప్పేస్తాను. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. కొందరికి ఎప్పటికీ సర్దుకోదు. డార్విన్ దాదాపు ఐదేళ్లు సాగిన బీగిల్ ఓడ యాత్ర పొడవునా దానితో బాధపడుతూనే ఉన్నాడు.

ఇక పని. మీ అమ్మాయి ఫోనులో చూసేది తిమింగలం ఎగిరి పడే పది సెకన్లు. ఓడ పైభాగాన నిలబడినవాళ్లు చూసేది నీళ్లు. పెద్ద సర్వేల్లో ఇరవై ఐదు రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్లు రెండు, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, స్తంభాలకు బిగించి ఉంటాయి. మధ్యలో ఒకరు వివరాలు నమోదు చేస్తారు. నలభై నిమిషాలకోసారి స్థానాలు మారతారు. ఓడ ముందుగా గీసుకున్న గీత మీదనే పోతుంది. ఏదైనా జంతువు కనిపిస్తే ఓడ ముక్కుకు ఎన్ని డిగ్రీల్లో ఉందో చూస్తారు. కటకంలోని గీతలతో, దిగంతానికి అది ఎంత దిగువన ఉందో లెక్కించి దూరం కడతారు. ఏమీ కనిపించకపోతే? అదీ రాస్తారు. సమయం, స్థానం, అలల స్థితి, ఎండ ఎటు నుంచి మెరుస్తోంది, పొగమంచు ఉందా లేదా, అన్నీ. "ఏమీ లేదు" అని రాసిన మైళ్లన్నీ లెక్కలో హారం. హారం లేకుండా ఎన్ని డాల్ఫిన్లు చూశామన్న లవానికి విలువ లేదు.

పైగా కనిపించనివి లేనివి కావు. కువియర్ ముక్కు తిమింగలం ఒక్క మునకలో 222 నిమిషాలు నీటి అడుగునే ఉన్నట్టు నమోదైంది. గంటకు పది నాటికల్ మైళ్ల వేగంతో పోయే ఓడ ఆ లోపల ముప్పై ఏడు మైళ్లు దాటిపోతుంది. గీత నుంచి దూరం పెరిగేకొద్దీ చూపు నుంచి తప్పించుకునేవెన్ని, సరిగ్గా ఓడ కిందే మునిగి ఉన్నవెన్ని అన్నది గణాంక శాస్త్రంతో అంచనా కడతారు. ఓడ వెనుక హైడ్రోఫోన్లు అనే నీటి మైకులు లాగుతూ తిమింగలాల చప్పుళ్లు వింటారు. అలలు తెల్లగా విరగడం మొదలైతే వీపురెక్కకూ నురగకూ తేడా తెలియదు. గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలతలో 5 దాటితే సాధారణంగా చూడటమే ఆపేస్తారు. అలా వారం రోజులు ఖాళీగా కూర్చున్న బృందాలు ఉన్నాయి.

ఇంత కష్టపడి సాధించేదేమిటంటే ఒక సంఖ్య. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో మాత్రమే బతికే, డాల్ఫిన్‌ను పోలిన వాకీటా అనే చిన్న సముద్రజీవి 1997లో సుమారు 567, 2008లో 245, 2015లో అరవై దరిదాపుల్లో ఉన్నట్టు సర్వేలు తేల్చాయి. ఆ అంకెలే లేకపోతే, చేపల వలలు దాన్ని తుడిచిపెడుతున్నాయన్నది ఇప్పటికీ ఒకరి మాట మీద ఒకరి మాటగానే ఉండేది.

ఇక సముద్రం స్థితిగతులు కొలిచే పనికి పగలు, రాత్రి తేడా లేదు. పన్నెండు గంటల షిఫ్టు అర్ధరాత్రి మొదలు కావచ్చు. నీటి లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ అనే పరికరాన్ని, చుట్టూ గుండ్రంగా అమర్చిన సీసాలతో సహా, వించ్ మీది తీగతో కిందికి దించుతారు. పైకి లాగేటప్పుడు అనుకున్న లోతుల్లో ఒక్కో సీసా మూత పడుతుంది. అది డెక్ మీదికి రాగానే ముందు ఆక్సిజన్ కోసం నీళ్లు పట్టాలి, ఆలస్యమైతే గాలి కలిసి లెక్క తప్పుతుంది. పట్టే గాజు సీసాలో ఒక్క బుడగ కూడా ఉండకూడదు. ఉష్ణమండలంలో చెమటలు కారుతున్న రాత్రి అయినా మూడు వేల మీటర్ల నుంచి వచ్చిన నీళ్లకు వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ వేళ్లతోనే సీసా మీది నంబరు తప్పు లేకుండా రాయాలి.

కాలిఫోర్నియా తీరంలో సార్డీన్ చేపలు ఎందుకు మాయమయ్యాయో తెలుసుకోవడానికి 1949లో మొదలైన కాల్‌కోఫీ సర్వే ఈ రోజుకీ అవే గీతల మీద, అవే చోట్ల ఆగి కొలుస్తోంది. నీళ్లు, ప్లవకాలు, పక్షులు, తిమింగలాలు ఒకే ఓడ మీద నుంచి. దాని గొప్పతనమంతా విసుగు లేకుండా చేసిందే మళ్లీ చేయడంలో ఉంది. ఉపగ్రహాలు వచ్చాక ఓడలెందుకని మీరు అడిగారు. ఉపగ్రహం చాలావరకు పైపొరనే చూడగలదు. రెండు వేల మీటర్ల దాకా దిగి పైకి తేలే ఆర్గో తేలియాడే పరికరాలు ప్రపంచమంతటా సుమారు నాలుగు వేలు ఉన్నా, వాటి కొలతలను సరిచూడటానికి ఇప్పటికీ ఓడ తెచ్చిన నీళ్లే కావాలి.

ఇప్పుడు ఆ డబ్బు కట్టే యాత్ర. ఇది ఇప్పటి మోజు, నాకు దీని మీద నమ్మకం తక్కువ. అన్నీ మోసమని అనను, కొన్నింటిలో నిజంగానే పని నేర్పుతారు. కానీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇచ్చి పనిచేయించుకుంటారు, మన దగ్గర తీసుకుని కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు అలాంటి యాత్ర చేసి సర్టిఫికెట్, మూడు వందల ఫోటోలు తెచ్చుకున్నాడు. తర్వాత ఒక ఎంపికలో, ఎన్ని గంటలు వెతికితే ఆ డాల్ఫిన్లు కనిపించాయి, అప్పుడు అలలెలా ఉన్నాయి అని అడిగారట. అతడి దగ్గర జవాబు లేదు. అక్కడ ఎవరూ అతడిచేత రాయించలేదు. పంపాలనుకుంటే ముందు నిర్వాహకులను ఒక్కటే అడగండి: మీరు సేకరించిన సమాచారం ఎక్కడికి వెళ్తుంది, దాన్ని ఎవరు వాడారు? సూటిగా జవాబు వస్తే ఆలోచించండి. పేరులో సముద్ర జీవశాస్త్రం అని ఉన్నంత మాత్రాన డిగ్రీకి ఎగబడటం మీద కూడా నాకు ఇదే అనుమానం. జీవశాస్త్రమో, భౌతికశాస్త్రమో, గణాంకాలో గట్టిగా చదివినవాళ్లకు తర్వాత సముద్రం వైపు తిరగడం కష్టం కాదు.

పోల్చమన్నారు కదా. శాశ్వత ఉద్యోగాలు తక్కువ, ప్రాజెక్టు ఉన్నంతవరకు ఉండే కాంట్రాక్టులు ఎక్కువ. డేటా సైన్స్‌లో అవకాశాలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువ. అయితే మీరు ఎదురెదురుగా నిలబెట్టిన ఈ రెండూ శత్రువులు కావు. ఓడ మీద గడిపేది ఏడాదిలో కొన్ని వారాలే, మిగతా కాలమంతా కంప్యూటర్ ముందే. ఓడ మీద సేకరించిన డేటాను విశ్లేషించగల అమ్మాయిని ఏ బృందమూ వదులుకోదు. ఓడ దొరకకపోతే అదే నైపుణ్యం ఒడ్డున అన్నం పెడుతుంది. సముద్రగర్భ పటాలు గీసే సర్వేలు, చేపల నిల్వల అంచనా, పరికరాల నిర్వహణ, శబ్ద తరంగాలతో చమురు వెతికే ఓడల మీద తిమింగలాలు దగ్గరికి వస్తున్నాయేమో చూసే కాపలా, ఇవన్నీ పక్కదారులే.

ఒక మాట కటువుగా అంటాను, మన్నించండి. మీరు రెండు పేజీలు రాశారు. మీ తమ్ముడి కొడుకు జీతం అందులో ఉంది, మీ అమ్మాయిని మీరు అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. ఆమెకు లెక్కలంటే భయమా, ఓపిక ఉందా, సముద్రం ఎందుకు కావాలంటోంది, ఏదీ లేదు. బిడ్డ గురించి నాకన్నా మీకు బాగా తెలియాలి. పక్కింటివాళ్లను, బంధువులను, చివరికి నన్నూ అడిగారు గానీ ఆమెను అడగలేదు.

ఒక నోటుపుస్తకం కొనివ్వండి. వారం రోజులు, రోజుకు రెండు గంటలు, ఒకే చోట కూర్చుని పది నిమిషాలకోసారి కనిపించిన పక్షులను, గాలిని, మబ్బును రాయమనండి. ఏమీ కనిపించకపోతే సున్నా వేయమనండి. మీరు కూడా ఒకరోజు పక్కన కూర్చుని రాయండి, ఫోను లోపల పెట్టి. ఐదో రోజున కూడా ఆ సున్నాలు మొదటి రోజంత శ్రద్ధగా ఉన్నాయా, కూర్చోకుండానే నింపినట్టున్నాయా అన్నది మీకే తెలిసిపోతుంది. అవి చూశాక ఆమెచేతనే నాకు ఉత్తరం రాయించండి. ఆ యాత్రకు డబ్బు కట్టే గడువు ఈలోగా దాటిపోతే పోనివ్వండి.