నైటింగేల్ ఉత్తరం నకిలీదైతే నా డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మా నాయనమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటే మా ఇంట్లో అందరికీ భక్తి. మహనీయుల ఉత్తరాలు సేకరించడం నా అలవాటు. 2022 జూన్‌లో చెన్నైలో పాత వస్తువులు అమ్మే ఒక వ్యాపారి దగ్గర ఆమె స్వయంగా రాసి సంతకం చేసిన ఉత్తరం 2,80,000 రూపాయలకు కొన్నాను. కాటన్ దొరకు రాసిందని చెప్పాడు, సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. 2024 ఫిబ్రవరి 10న రిటైర్డ్ లైబ్రేరియన్ అయిన మా మిత్రుడు చూసి ఇది నకిలీ అన్నాడు. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయికి ఇద్దామనుకున్నాను. చాలా అవమానంగా ఉంది. డాలస్‌లో ఉండే మా బావమరిది ఈ డిసెంబరులో వస్తున్నాడు. అక్కడి వేలం సంస్థకు చూపించి, కుదిరితే అమ్మేస్తానంటున్నాడు. పంపవచ్చా? వ్యాపారి మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం (నవంబరు 2025)

జవాబు: ఉత్తరం అసలుదా నకిలీదా అన్నది మీ కేసులో రెండో ప్రశ్న. మొదటిది వేరే ఉంది. నకిలీ అని మీకు ఎప్పుడు తెలిసింది, ఆ తేదీకి మీ దగ్గర ఆధారం ఏముంది?

కొన్న రోజు నుంచి లెక్కేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే రెండేళ్ల గడువు 2024 జూన్‌తోనే ముగిసింది. సివిల్ కోర్టుకు ఉన్న మూడేళ్లు కూడా 2025 జూన్‌తో అయిపోయాయి. ఇక మిమ్మల్ని ప్రధానంగా కాపాడేది లిమిటేషన్ చట్టం, 1963లోని సెక్షన్ 17. మోసం గానీ పొరపాటు గానీ జరిగినప్పుడు, అది బయటపడిన రోజు నుంచి గడువు మొదలవుతుందని ఆ సెక్షన్ చెబుతుంది. అలా చూస్తే కమిషన్‌కు 2026 ఫిబ్రవరి 10 లోపు, సివిల్ కోర్టుకు 2027 ఫిబ్రవరి 10 లోపు వెళ్లాలి. అయితే అదే సెక్షన్‌లో మీకు ఎదురు తిరిగే ముక్క కూడా ఒకటుంది. తగిన శ్రద్ధ పెట్టి ఉంటే ముందే తెలిసేది అని తేలితే, గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది.

మీరు పంపిన ఫొటోలు, రాసిన మిగతా వివరాలు చూశాను. కాగితం పైభాగాన ‘35, సౌత్ స్ట్రీట్, పార్క్ లేన్’ అని చిరునామా అచ్చయి ఉంది. దాని కింద చేతిరాతతో 1863 అని ఉంది. నైటింగేల్ ఆ ఇంట్లోకి మారింది 1865లో. 1910లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. రెండేళ్ల తర్వాత చేరబోయే ఇంటి చిరునామా 1863 నాటి కాగితం మీదకు ఎలా వచ్చింది? ఇది మీకు గట్టి ఆధారం. కానీ ఇదే మీకు ప్రమాదం కూడా. ‘ఏ జీవితచరిత్ర తిరగేసినా తెలిసే విషయం, కొన్న వారంలోనే చూసుకోవచ్చు కదా’ అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు.

దానికి జవాబు మీరు చిన్నచూపు చూస్తున్న ఆ సర్టిఫికెట్‌లోనే ఉంది. ‘అమ్మినవాడే రాసిచ్చిన కాగితం, దానికేం విలువ’ అన్నారు. ఉత్తరం అసలుదని రుజువు చేయడానికి దానికి విలువ లేని మాట నిజమే. అసలుదని వ్యాపారి రాతపూర్వకంగా హామీ ఇచ్చాడని రుజువు చేయడానికి మాత్రం అంతకంటే మంచి కాగితం దొరకదు. ‘ఫ్లోరెన్స్ నైటింగేల్ స్వదస్తూరి, సంతకం గల ఉత్తరం, 1863’ అని దుకాణం ముద్రతో ఉంది. వస్తువును ఫలానా అని వర్ణించి అమ్మితే అది ఆ వర్ణనకు సరిపోవాలని సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం, 1930లోని సెక్షన్ 15 అంటుంది. ఆ రంగంలో ఉన్న వ్యాపారి రాసిచ్చిన హామీని నమ్మిన కొనుగోలుదారుకు శ్రద్ధ లేదనడం తేలిక కాదు. మీ వాదన అంతా దీని మీదే నిలబడాలి. కాటన్ దొర మాట ఎత్తకండి. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్‌తో ఆమెకు ఉత్తరాలు నడిచిన మాట వాస్తవమే. కానీ మీ ఉత్తరంలో ‘డియర్ సర్’ తప్ప పేరు లేదు, బిల్లులోనూ లేదు. నిరూపించలేని నోటిమాట కలిపితే నిరూపించగలిగినదీ పలచబడుతుంది.

ఇప్పుడు మీ అజాగ్రత్త సంగతి. జీఎస్టీ తగ్గుతుందని బిల్లు 2,00,000కే రాయించుకుని, మిగతా 80,000 నగదుగా ఇచ్చారు. ఆ 80,000 మీద ఆశ వదులుకోండి. మిత్రుడు నకిలీ అన్న రోజు వ్యాపారికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు, ఆ తర్వాత ఫోన్ మార్చి బ్యాకప్ లేకుండా చాట్ పోగొట్టుకున్నారు. తేదీకి ఉన్న ఆధారం అదొక్కటే కదండీ! ఆ మెసేజ్‌ను అప్పుడే స్క్రీన్‌షాట్ తీసి మీ అమ్మాయికి పంపానన్నారు. ఆమె ఫోన్‌ను జాగ్రత్తగా ఉంచండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. మీ మిత్రుడి చేత కూడా అఫిడవిట్ రాయించండి.

అన్నిటికంటే చిరాకు కలిగించింది ల్యామినేషన్. చెమ్మ తగులుతుందని ఉత్తరాన్ని ప్లాస్టిక్‌లో వేయించారు. అసలుదైతే దాని విలువ పోయినట్టే, నకిలీదైతే సాక్ష్యం దెబ్బతిన్నట్టే. కాగితం, సిరా పరీక్షలు ఇప్పుడు కష్టం. విప్పే ప్రయత్నం మీరు చేయకండి. ఇక చిరునామాకూ సంవత్సరానికీ కుదరకపోవడమే మీ ప్రధాన సాక్ష్యం. సంవత్సరం వేరెవరో తర్వాత వేసి ఉంటారని వ్యాపారి అనవచ్చు. అన్నా ఫర్వాలేదు, అమ్మింది ‘1863 నాటి’ ఉత్తరమనే కదా. ఆమె 1865లో ఇల్లు మారినట్టు చెప్పే ప్రామాణిక జీవితచరిత్ర పేజీల కాపీలు జతచేయండి.

డాలస్ ఆలోచన మాత్రం ఈరోజే మానుకోండి. 75 ఏళ్లు దాటి, చారిత్రక విలువ ఉన్న ఉత్తరం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. రాసింది విదేశీయురాలైనా సరే. అనుమతి లేకుండా దేశం దాటిస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. నకిలీదే కదా అంటారేమో. అది తేల్చేది మీరూ కాదు, మీ బావమరిదీ కాదు. పురావస్తువా కాదా అన్న వివాదం వస్తే భారత పురావస్తు సర్వే సంస్థ (ఏఎస్‌ఐ) డైరెక్టర్ జనరల్ నిర్ణయమే తుది మాట. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తెరిస్తే ఇరుక్కునేది ఏ పాపం ఎరుగని ఆ అబ్బాయి. పైగా నకిలీ అని తెలిసీ అమ్మితే మోసగాడు మీరే అవుతారు. ఉత్తరం చేయి దాటితే కమిషన్ ముందు పెట్టడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. విదేశీ నిపుణులకు చూపించాలంటే స్కాన్ పంపండి, కాగితం పంపకండి.

చీటింగ్ కేసు గురించి. కొన్నది 2022లో కాబట్టి పాత ఐపీసీ 420 వర్తిస్తుంది. అమ్మేనాటికే వ్యాపారికి నకిలీ అని తెలుసని మీరు చూపాలి. అతనూ మరొకరి చేతిలో మోసపోయి ఉంటే కేసు నిలవదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుండగానే ఫిబ్రవరి దాటిపోతుంది. అందుకే కమిషన్ ఫిర్యాదులో మోసమూ పొరపాటూ రెండూ రాయించండి. సెక్షన్ 17 రెండింటికీ వర్తిస్తుంది.

ఒక చిక్కు ఉంది. ‘ఐదేళ్లలో రేటు డబుల్ అవుతుందా’ అని వ్యాపారిని చాట్‌లో అడిగానని రాశారు. తిరిగి అమ్మడానికి కొన్నవారిని వినియోగదారుల చట్టం వినియోగదారుగా చూడదు. అతని ఫోన్‌లో ఆ మెసేజ్ ఉండే ఉంటుంది, కాబట్టి దాచి ప్రయోజనం లేదు. మీ నాయనమ్మగారి ఉద్యోగం, అమ్మాయి చదువు పనికొచ్చేది ఇక్కడే. ఇంట్లో ఉంచుకోవడానికే కొన్నానని అఫిడవిట్‌లో ఆ వివరాలు రాయండి, సేకరణలో ఇంతవరకు ఏదీ అమ్మలేదని నిజమైతేనే చేర్చండి.

ముందు లాయరు ద్వారా వ్యాపారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. డబ్బు వాపసు అడగండి, పురావస్తువులు అమ్మే లైసెన్సు నంబరు చెప్పమనండి. ఆ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. లేకపోతే చాలామంది అక్కడే దారికి వస్తారు. అయితే నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. పదిహేను రోజులు చూసి, మీ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటే వేయవచ్చు, చెన్నై వెళ్లక్కర్లేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదులకు ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా దాఖలు చేయవచ్చు. గడువు కొన్న రోజు నుంచే లెక్క అని కమిషన్ అనుకునే అవకాశం ఉంది కనుక, ఆలస్యాన్ని మన్నించమని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69(2) కింద దరఖాస్తు ఫిర్యాదుతోపాటే పెట్టండి, తర్వాత చూద్దామనుకోకండి.